కొలువులో నచ్చేవి, నచ్చనివి: సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ప్రశ్నలకు జవాబులు

సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేయడంలో ఏది నచ్చుతుంది, ఏది నచ్చదు, నచ్చనిదాన్ని మార్చుకునే దారి ఉందా అని అడుగుతూ పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్ని ఈ సంచికలో ఇస్తున్నాం. పేర్లు తీసేశాం.

ప్రశ్న: నాకు జీతం బాగానే వస్తోంది. తోటివాళ్లు మంచివాళ్లు. పనిగంటలు కూడా మరీ ఎక్కువేం కావు. అయినా సోమవారం వస్తోందంటే మనసు బరువెక్కిపోతుంది. ఎవరితోనైనా చెబితే ‘ఇంకేం కావాలి నీకు’ అంటున్నారు. లోపం నాలోనే ఉందా?
— బ్యాకెండ్ డెవలపర్

జవాబు: లోపం మీలో లేదు. ఉద్యోగంలో బాధపెట్టేవేవీ లేనంత మాత్రాన ఆ ఉద్యోగం నచ్చాలని లేదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో కలిసి పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను రెండు విషయాలు అడిగారు. ఉద్యోగంలో బాగా సంతోషం కలిగిన సందర్భం ఏది, బాగా విసుగొచ్చిన సందర్భం ఏది అని. ఆ ఫలితాలు 1959లో వచ్చాయి. సంతోషం గురించి చెప్పినప్పుడు వాళ్ల మాటల్లో ఎక్కువగా వినిపించినవి ఒక పని సాధించడం, దానికి గుర్తింపు రావడం, పనిలోనే ఉండే ఆసక్తి, బాధ్యత. విసుగు గురించి చెప్పినప్పుడు వినిపించినవి కంపెనీ నియమాలు, పైఅధికారి తీరు, జీతం, పని పరిస్థితులు. మంచి జరిగితే తన వల్ల, చెడు జరిగితే పరిసరాల వల్ల అని చెప్పుకోవడం మనిషి సహజం కదా అని ఆ పద్ధతిని తర్వాతి పరిశోధకులు తప్పుపట్టారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా మీ పరిస్థితిని అర్థం చేసుకోవడానికి ఆ విభజన పనికొస్తుంది. మీకు రెండో వరుస అంతా సవ్యంగా ఉంది, మొదటి వరుస ఖాళీగా ఉంది.

ఇలా చేసి చూడండి. రెండు వారాల పాటు రోజూ పని ముగించే ముందు రెండే వాక్యాలు రాయండి. ఈరోజు ఏ పని చేస్తున్నప్పుడు సమయం తెలియలేదు, ఏ పని చేస్తున్నప్పుడు గడియారం చూశారు. ‘బాగుంది’, ‘బోర్ కొట్టింది’ అని కాకుండా పని పేరుతో సహా రాయండి. రెండు వారాలయ్యాక ఒక్కో పనికి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. అది పూర్తయిందా? వాడేవాళ్లకు చేరిందా? ఎలా చేయాలో నిర్ణయించింది ఎవరు? అందులో కొత్తగా నేర్చుకున్నదేమైనా ఉందా?

సాధారణంగా ఇందులో మూడింటిలో ఒకటి బయటపడుతుంది. రాసిన కోడ్ నెలల తరబడి రిలీజ్ కాకపోవడం మొదటిది. ‘ఈ ఫీల్డు చేర్చండి, ఈ బటన్ మార్చండి’ అంటూ పని ముక్కలుగా రావడం, ఎందుకో ఎవరూ చెప్పకపోవడం రెండోది. ఒకే తరహా పని మూడో ఏడు కూడా చేస్తూ ఉండడం మూడోది. మొదటిదైతే, మీ మార్పు విడుదలైన రెండు వారాలకు దాన్ని ఎంతమంది వాడుతున్నారో లెక్క పంపమని ప్రొడక్ట్ మేనేజర్‌ను అడగండి. రెండోదైతే, నెలకొక కస్టమర్ సపోర్ట్ కాల్‌లో కూర్చుని వినే అవకాశం అడగండి. మూడోదైతే, డిజైన్ నుంచి రిలీజ్ దాకా పూర్తిగా మీ చేతిలో ఉండే చిన్న మాడ్యూల్ ఒకటి అడగండి. ‘ఆసక్తికరమైన పని ఇవ్వండి’ అని మాత్రం అడగవద్దు. దాన్ని విన్న మేనేజర్‌కు ఏం ఇవ్వాలో తోచదు, మాట అక్కడితో ఆగిపోతుంది.

ప్రశ్న: మా టీమ్‌లో ఆరుగురం. పొద్దున్నుంచి మీటింగులు, మధ్యలో ‘ఒక్క నిమిషం’ అంటూ మెసేజ్‌లు. అసలు కోడ్ రాయడం సాయంత్రం ఆరు దాటాకే మొదలవుతోంది. మీటింగులు తగ్గించమంటే ‘వారానికి పది గంటలే కదా’ అంటున్నారు.
— ఫ్రంటెండ్ డెవలపర్

జవాబు: మీటింగ్ గంటలు లెక్కపెడితే మీ వాదన నిలబడదు. మధ్యలో మిగిలే ఖాళీలను లెక్కపెట్టండి. గత రెండు వారాల క్యాలెండర్ తెరిచి, ఏ అడ్డూ లేకుండా రెండు గంటలో అంతకన్నా ఎక్కువో ఉన్న ఖాళీలను గుర్తుపెట్టండి. రోజుకు ఒకటైనా లేకపోతే అదే మీ ఫిర్యాదు. ఒక మార్పు చేయాలంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తుంది, డేటా ఎక్కడ మారుతుంది అన్నదంతా ఒకేసారి తలలో ఉంచుకోవాలి. ఆ అమరిక కుదరడానికే చాలాసేపు పడుతుంది. అందుకే అరగంట ఖాళీలు ఎన్ని ఉన్నా పని సాగదు.

పనిని చిన్న విడతలుగా చేసుకుపోయే స్క్రమ్ పద్ధతిలో రోజువారీ సమావేశానికి పరిమితి 15 నిమిషాలు. మీది అరగంట సాగుతోందంటే అక్కడే సమస్యలు పరిష్కరించడం మొదలుపెట్టారన్నమాట. సమస్య బయటపడగానే దాని పేరు మాత్రం రాసుకుని, సంబంధించిన ఇద్దరు తర్వాత మాట్లాడుకోవాలి. ఆ సమావేశం ఉదయం మధ్యలో పడకుండా రోజు మొదట్లోనో, భోజన విరామానికి ముందో పెట్టించండి. ఎవరేం చేశారో ఒప్పజెప్పే మీటింగులు రాతలోకి మారిపోవచ్చు, నష్టమేమీ లేదు.

‘ఒక్క నిమిషం’ మెసేజ్‌లకు మందు వంతులు. రోజుకొకరు బయటి ప్రశ్నలన్నిటికీ జవాబిస్తారు, మిగతా ఐదుగురి జోలికి ఎవరూ వెళ్లరు. ఈ ఏర్పాటు చాలాచోట్ల నెల తిరక్కుండానే కూలిపోతుంది. వంతులో ఉన్న మనిషికి స్ప్రింట్ (టీమ్ ముందే అనుకున్న కొద్ది వారాల విడత) పని కూడా అప్పగించడమే అందుకు కారణం. ఆ రోజు అతనికి వేరే పని ఉండకూడదు. అడిగేవాళ్లకు కూడా ఒక నియమం పెట్టండి. వట్టి పలకరింపు పంపి ఎదురుచూడకుండా, ఏం చేయబోయారు, ఏ ఎర్రర్ వచ్చింది, ఎప్పటిలోగా కావాలి అన్నది మొదటి మెసేజ్‌లోనే రాయాలి.

ఇంకొక లెక్క మీ మేనేజర్‌కు చూపించండి. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కొక్కటి ఒక్కో నిడివి ఉన్నప్పుడు, క్యూ సిద్ధాంతంలోని అతి సరళమైన నమూనా ప్రకారం ఒక పని సగటున ఎంతసేపు వేచి ఉంటుందో చెప్పవచ్చు. మనిషి సమయంలో 50 శాతం నిండి ఉంటే, ఒక పని చేయడానికి ఎంత పడుతుందో అంతే సేపు వేచి ఉంటుంది. 80 శాతం నిండితే నాలుగు రెట్లు, 90 శాతమైతే తొమ్మిది రెట్లు, 95 శాతమైతే 19 రెట్లు. వాహనాలతో క్రిక్కిరిసిన రోడ్డు మీద ఎవరి బండీ కదలనట్టే, అందరినీ నూటికి నూరు శాతం నింపిన టీమ్‌లో ఏ పనీ కదలదు. స్ప్రింట్ ప్లానింగ్‌లో ఐదో వంతైనా ఖాళీ వదలమని అడగడం బద్ధకం కాదు.

ప్రశ్న: ఆన్‌కాల్ డ్యూటీ (సిస్టమ్ చెడితే ఏ వేళైనా లేచి చూడాల్సిన వంతు) వారం వచ్చిందంటే ఇంట్లో అందరికీ నిద్ర కరువే. రాత్రి మూడుసార్లు ఫోన్ మోగుతుంది. రెండుసార్లు లేచి చూసేసరికి అంతా దానంతటదే సర్దుకుని ఉంటుంది. ఇది ఈ వృత్తిలో తప్పదా?
— సిస్టమ్స్ ఇంజినీరు

జవాబు: ఆన్‌కాల్ తప్పకపోవచ్చు. ఉత్తుత్తి అలర్ట్‌లకు లేవడం మాత్రం ఎవరికీ తప్పనిసరి కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద మనిషికి విరక్తి పుట్టించేవాటిలో దీన్ని మించింది లేదని మా అభిప్రాయం.

అర్ధరాత్రి మనిషిని లేపే ప్రతి అలర్ట్‌కూ ఒకే పరీక్ష ఉంది: లేచినవాళ్లు అప్పటికప్పుడు చేయాల్సిన పని ఏదైనా ఉందా? లేకపోతే అది పగలు చూసుకునే టికెట్ (పనుల జాబితాలో రాసిపెట్టిన పని) కావాలి. సీపీయూ 90 శాతం దాటింది, డిస్క్ 80 శాతం నిండింది అన్నవి ఎక్కువగా ఆ కోవలోకే వస్తాయి. వాడేవాళ్ల రిక్వెస్టులు వరుసగా విఫలమవుతున్నాయంటే అప్పుడు ఫోన్ మోగాలి.

ప్రతి వారం డ్యూటీ చేతులు మారేటప్పుడు అరగంట కూర్చోండి. ఆ వారం మోగిన అలర్ట్‌లన్నీ ఒక పట్టికలో రాయండి: ఏ సమయానికి, ఏ అలర్ట్, ఏం చేశారు. ‘ఏమీ చేయలేదు’ అని ఉన్నవాటిని అదే సమావేశంలో తీసేయండి, లేదా టికెట్‌గా మార్చండి. దానంతటదే సర్దుకునేవైతే, ఒక్క నిమిషానికే కాకుండా ఐదు నిమిషాలు వరుసగా కొనసాగితేనే మోగేలా హద్దు మార్చండి. ఒకే అలర్ట్ మూడుసార్లు కనిపిస్తే దాని మూలకారణాన్ని సరిచేయడం వచ్చే స్ప్రింట్‌లో మొదటి పని కావాలి. మిగిలిన ప్రతి అలర్ట్‌కూ రన్‌బుక్ (ఆ సమస్య వస్తే ఏం చేయాలో చెప్పే పత్రం) లింక్ ఉండాలి. నిద్రమత్తులో చదివినా అర్థమయ్యేలా మొదటి మూడు అడుగులు అందులో రాసిపెట్టాలి.

పోల్చుకోవడానికి ఒక కొలత. గూగుల్ తన విశ్వసనీయత ఇంజినీర్ల పద్ధతులను ప్రచురించినప్పుడు, 12 గంటల షిఫ్టులో రెండు ఘటనలకు మించకూడదని చెప్పింది. ఒక్కో ఘటనను సరిచేసి, కారణం వెతికి, నివేదిక రాసేసరికి సగటున ఆరు గంటలు పడుతుందన్నది దాని వెనక లెక్క. ఒకేచోట ఉన్న టీమ్‌కు, ఎప్పుడూ ఒక ముఖ్యుడు, ఒక సహాయకుడు ఉండేలా వారం వారం వంతులు నడపాలంటే కనీసం ఎనిమిది మంది ఉండాలని కూడా అందులో ఉంది. ముగ్గురితో వంతులు నడుపుతున్న కంపెనీలో ఎవరికీ అది నచ్చకపోవడంలో వింతేముంది?

మీ కంపెనీ కస్టమర్లకు ఏం మాట ఇచ్చిందో కూడా చూడండి. 99.9 శాతం అందుబాటు అంటే 30 రోజుల్లో 43 నిమిషాలు ఆగవచ్చు. 99.99 శాతం అంటే 4 నిమిషాల 19 సెకన్లే. నిద్రలేచి, లాప్‌టాప్ తెరిచి, వీపీఎన్ ద్వారా కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లేసరికే ఆ సమయం అయిపోతుంది. అలాంటి మాట ఇచ్చినవాళ్లు చెడిన సర్వర్‌ను దానంతటదే పక్కకు తప్పించే ఏర్పాటు కట్టాలి. మనుషుల నిద్రతో అది నెరవేరదు.

రాత్రి పని చేసినవాళ్లు మర్నాడు ఆలస్యంగా రావచ్చన్నది, ఆన్‌కాల్ భత్యం ఎంత అన్నది రాతపూర్వకంగా ఉండేలా చూసుకోండి. నోటిమాటగా ఉన్న సౌకర్యాన్ని సిగ్గుపడి ఎవరూ వాడుకోరు. ఘటన తర్వాత జరిగే సమీక్షలో ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న వస్తే, ‘ఒక తప్పు ఆదేశంతో ఇంత నష్టం జరిగేలా మన వ్యవస్థ ఎందుకుంది’ అని మార్చి అడగండి. మొదటి ప్రశ్న అడిగే చోట మనుషులు నిజాలు దాచుకోవడం నేర్చుకుంటారు.

ప్రశ్న: తోటివాళ్లు చదివి ఒప్పుకోవాల్సిన నా కోడ్ రివ్యూలు నాలుగైదు రోజులు అలాగే పడి ఉంటాయి. చివరికి చూసినప్పుడు కామా గురించో, పేర్ల గురించో ఇరవై కామెంట్లు పెడతారు. పని మీద ఇష్టమే పోతోంది.
— రెండేళ్ల అనుభవమున్న డెవలపర్

జవాబు: ముందు మీ మార్పుల సైజు చూడండి. 400 లైన్లు దాటిన మార్పును శ్రద్ధగా చదవడం ఎవరికైనా కష్టం. అందుకే వాయిదా వేస్తారు, వేసి వేసి చివరికి పైపైన చూస్తారు. పైపైన చూసేవాళ్లకు కనిపించేవి కామాలే. 200 లైన్లలోపు ముక్కలుగా పంపండి. పేర్ల మార్పిడిని, అసలు మార్పును కలపకుండా విడివిడిగా పంపండి. వివరణలో ఏం మారింది, ఎందుకు మారింది, ఎలా పరీక్షించారు, రివ్యూ చేసేవాళ్లు ముఖ్యంగా ఏ ఫైలు చూడాలి అన్న నాలుగూ ఉండాలి.

కామాల గొడవను యంత్రానికి వదిలేయండి. కోడ్ రూపాన్ని సరిదిద్దే ఫార్మాటర్‌ను, చిన్న తప్పులు పట్టే లింటర్‌ను బిల్డ్‌లో (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా తయారుచేసే దశలో) పెడితే మనుషుల మధ్య ఆ సంభాషణే ఉండదు. ఏ కామెంట్ తప్పనిసరో, ఏది సలహానో మొదటి పదంలోనే తెలిసేలా రాయాలని టీమ్‌లో ఒప్పించండి. ఒక పనిదినంలోగా మొదటి స్పందన రావాలన్నది కూడా టీమ్ నియమం కావాలి. కొత్త పని మొదలుపెట్టేముందు పెండింగ్ రివ్యూలు చూడడం అలవాటైతే చాలావరకు అదే కుదురుతుంది.

ప్రశ్న: రెండు కంపెనీల నుంచి ఆఫర్లు వచ్చాయి. జీతాలు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఒకరు షేర్లు కూడా ఇస్తామంటున్నారు. లోపల ఎలా ఉంటుందో చేరకముందే తెలుసుకోవడం ఎలా?
— ఉద్యోగం మారబోతున్న టెస్టర్

జవాబు: ‘ఇక్కడ వాతావరణం ఎలా ఉంటుంది’ అని అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు. అంకెతోనో, సంఘటనతోనో జవాబివ్వాల్సిన ప్రశ్నలు వేయండి. కోడ్ పూర్తయ్యాక వాడేవాళ్లకు చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది? కొత్తగా చేరినవాళ్ల మొదటి పని ఎన్నో వారంలో విడుదలైంది? పోయిన నెల రాత్రిపూట ఎన్నిసార్లు లేవాల్సి వచ్చింది? ఈ ఖాళీ ఎందుకు వచ్చింది, ఇంతకుముందు ఉన్నవాళ్లు ఎటు వెళ్లారు? చివరిసారి గడువు దాటినప్పుడు ఏం చేశారు? మీరు టెస్టర్ కాబట్టి ఇంకొకటి తప్పక అడగండి. టెస్టింగ్‌కు కేటాయించిన రోజుల్ని డెవలప్‌మెంట్ ఆలస్యం తినేస్తే, రిలీజ్ తేదీ జరుపుతారా, టెస్టింగ్ కుదిస్తారా? మేనేజర్‌ను ఒక్కరినే కాకుండా టీమ్‌లో పనిచేసే మనిషిని కూడా అడగండి. ఇద్దరి జవాబుల మధ్య తేడానే అసలు సమాచారం. టీమ్‌తో మాట్లాడనివ్వకపోతే అదీ సమాచారమే.

షేర్ల విషయం. ఎక్కువగా కనిపించే పద్ధతి నాలుగేళ్ల వెస్టింగ్ (షేర్లు విడతలుగా మీ సొంతం కావడం), మొదటి ఏడాది క్లిఫ్ (ఆ ఏడాది నిండేదాకా ఏమీ రాకపోవడం). 4,800 షేర్లు ఇస్తామన్నారనుకుందాం. 11 నెలలకు మానేస్తే ఒక్కటీ రాదు. 12 నెలలు నిండగానే 1,200 వస్తాయి. ఆ తర్వాత నెల నెలా ఇచ్చే ఒప్పందమైతే నెలకు 100 చొప్పున వస్తాయి. అవి షేర్లా, ఆప్షన్లా అన్నది కచ్చితంగా అడగండి. ఆప్షన్ అంటే ముందే రాసుకున్న ధరకు కొనుక్కునే హక్కు మాత్రమే. మానేశాక ఎన్ని రోజుల్లోగా కొనాలో ఒప్పందంలో ఉంటుంది, చాలా ఒప్పందాల్లో అది 90 రోజులు. కంపెనీ ఇంకా స్టాక్ మార్కెట్‌లో నమోదు కాకపోతే, ఆ షేర్లను జీతంతో కలిపి లెక్కవేసుకోవద్దు. జీతం ఒక్కటే చూసినా ఆ ఉద్యోగం మీకు సమ్మతమైతేనే చేరండి.

ప్రశ్న: ఏడాదిలో మా టీమ్ నుంచి ముగ్గురు వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు అందరూ ‘మంచి అవకాశం వచ్చింది’ అనే చెప్పారు. ఉద్యోగుల సర్వేలో మాత్రం మా టీమ్‌కు 5కి 4.2 వచ్చింది. ఏం అర్థం చేసుకోవాలి?
— టీమ్ లీడ్

జవాబు: నలుగురు 5 ఇచ్చి ఒకరు 1 ఇచ్చినా సగటు 4.2 వస్తుంది. వెళ్లిపోయేది ఆ ఒక్కరే. పైగా ఐదుగురున్న టీమ్‌లో ‘పేరు తెలియని సర్వే’ అన్నది ఉండదు. రాసిన తీరును బట్టి ఎవరు రాశారో మీకు తెలిసిపోతుందని వాళ్లకు తెలుసు. అంత చిన్న బృందం ఫలితాలను విడిగా చూపకుండా పెద్ద విభాగంలో కలిపి చూపడం మర్యాద. వెళ్లేటప్పుడు చెప్పే కారణాన్నీ నమ్ముకోకండి. పాత మేనేజర్ మాట సాయం రేపు అవసరపడుతుందని తెలిసిన మనిషి ఎందుకు నొప్పిస్తాడు?

ఉన్నవాళ్లతో ఉన్నప్పుడే మాట్లాడండి. రెండు వారాలకోసారి, అరగంట, ఒక్కొక్కరితో విడిగా. పని ఎంతవరకు వచ్చిందన్న మాట అందులో ఎత్తకూడదు. ఈ నెల చేసిన వాటిలో ఏది వృథా అనిపించింది? ఎలాంటి పని మళ్లీ వస్తే బాగుండనిపించింది? నేను చేసేవాటిలో ఏది మానేస్తే మీకు సులువవుతుంది? అడిగాక మౌనంగా ఉండండి. మొదటి రెండుసార్లు ఏమీ చెప్పరు. మూడోసారి ఒక చిన్న విషయం చెబుతారు, మీరేం చేస్తారో చూడడానికి. దాన్ని రెండు వారాల్లోగా సరిచేయండి. మీ చేతిలో లేకపోతే కారణంతో సహా ఆ మాటే చెప్పండి. అడిగి తెలుసుకుని ఏమీ చేయకపోవడం అడగకపోవడం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

జీతాల పట్టిక కూడా తెరిచి చూడండి. కొత్తగా చేరినవాళ్లకు మార్కెట్ ధర ఇచ్చి, అదే పని చేస్తున్న పాతవాళ్లను పాత జీతంలోనే ఉంచితే ఆ సంగతి ఎన్నాళ్లో దాగదు. రాజీనామా చేశాక పెంచే జీతం, ‘బెదిరిస్తేనే ఇస్తారు’ అన్న పాఠాన్ని మిగతావాళ్లకు నేర్పుతుంది. తేడా కనిపించిన రోజే పైవాళ్లకు రాసి పెట్టండి.

మీ కంపెనీ ఉద్యోగులను బలవంతంగా మొదటి వరుస, మధ్య వరుస, చివరి వరుసగా విడగొడుతుంటే, సాయం చేసుకోవాల్సినవాళ్లు పోటీదారులవుతారు. మైక్రోసాఫ్ట్ ఇలాంటి పద్ధతిని 2013 నవంబరులో వదిలేసింది. దాన్ని మార్చడం మీ చేతిలో లేకపోవచ్చు. నెలనెలా ఒక్కొక్కరి పని గురించి నాలుగు వాక్యాలు రాసిపెట్టుకోవడం మాత్రం మీ చేతిలోనే ఉంది. అది లేకపోతే ఏడాది సమీక్షలో చివరి రెండు నెలలే గుర్తుంటాయి, ముందు కష్టపడినవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

ఖాళీలను ఒక్కసారిగా నింపకండి. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేరిస్తే మరింత ఆలస్యమవుతుందని అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పారు. ఐదుగురి మధ్య మాటలు నడవాల్సిన జంటలు 10, పదిమంది మధ్య 45. ఒకరి తర్వాత ఒకరిని చేర్చుకోండి, నేర్పే మనిషికి మొదటి నెల సగం పనే ఇవ్వండి.

ప్రశ్న: నన్ను పదేళ్ల నాటి పాత కోడ్ మీద వేశారు. అందరూ కొత్త ప్రాజెక్టుల్లో ఉన్నారు. నా ఎదుగుదల ఆగిపోయినట్టేనా?
— మెయింటెనెన్స్ ఇంజినీరు

జవాబు: ఆగిపోయేది కోడ్ పాతదైనందువల్ల కాదు, మీరు చేసిన పని ఎవరికీ కనబడనందువల్ల. వారానికి ఎన్ని లోపాలు వస్తున్నాయి, బిల్డ్‌కు ఎన్ని నిమిషాలు పడుతోంది, ఎంత కోడ్‌కు టెస్టులున్నాయి అన్న మూడు అంకెలను ఇవాళే రాసిపెట్టండి. ముట్టుకున్న ప్రతి ఫంక్షన్‌కూ, మార్చేముందే, ఇప్పుడు అది ఎలా ప్రవర్తిస్తోందో పట్టి ఉంచే టెస్టు రాయండి. మొత్తం తిరగరాద్దామన్న ఆలోచనకు లొంగకండి. పాత కోడ్‌లో వికారంగా కనిపించే ప్రతి షరతు వెనకా ఒకప్పటి కస్టమర్ సమస్య ఉండే అవకాశం ఎక్కువ, తిరగరాసినప్పుడు పోయేవి అవే. ఆరునెలల తర్వాత ఆ మూడు అంకెల తేడాతో మేనేజర్ దగ్గరకు వెళ్లి, మీతో పాటు వంతులవారీగా ఇంకొకరిని కూడా ఆ కోడ్ మీదకు తేవాలని, మీకు కొత్త పనిలో వాటా ఇవ్వాలని అడగండి. ఒక్కరికే తెలిసిన కోడ్ కంపెనీకీ ప్రమాదమే కాబట్టి ఆ కోరికను కాదనడం కష్టం.

ప్రశ్న: కోడ్ రాయడమంటే ఇష్టం. మేనేజర్ అవమంటున్నారు. కాదంటే ప్రమోషన్ ఉండదేమోనని భయం.
— సీనియర్ డెవలపర్

జవాబు: మీ కంపెనీలో మేనేజర్ వరుసకు సమానంగా సాంకేతిక వరుస ఉందో లేదో ముందు చూడండి. కాగితం మీద ఉంటే చాలదు. ఆ వరుసలో పై మెట్లైన స్టాఫ్ ఇంజినీరు, ప్రిన్సిపల్ ఇంజినీరు స్థాయిల్లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, వాళ్లలో లోపలి నుంచి ఎదిగినవాళ్లెందరు అని అడగండి. ఎవరూ లేకపోతే మీ భయం నిజమే, వేరేచోట వెతకడం మేలు. ఉంటే, మేనేజర్ పదవిని ఆరు నెలలు చూసి, నచ్చకపోతే అదే జీతంతో వెనక్కి రావచ్చన్న మాటను ఈమెయిల్‌లో తీసుకున్నాకే ఒప్పుకోండి.